చుక్కలు పెట్టని చోటు

నోటుపుస్తకం అట్ట కోసం ఆస్ట్రేలియా ఆదివాసీ చిత్రకారిణి ఐవీ వేసిన చుక్కల బొమ్మను ఫొటో తీయబోయాడు సిడ్నీ నుంచి వచ్చిన కంపెనీ మనిషి. ఆమె కూతురు డోరీన్ చటుక్కున అడ్డం నిలబడి, బొమ్మ మీద దుప్పటి కప్పేసింది.

"మీ అమ్మ ఒప్పుకుంది. మధ్యలో నువ్వెవరు?"

"గీసేది అమ్మే. ఏది బయటపెట్టాలో చెప్పేది ఆవిడ కడుపున పుట్టిన నేను. మా పద్ధతింతే. ఇందులో మా పవిత్రమైన గుర్తొకటి ఉంది, దాన్ని అమ్మ చుక్కలతో కప్పలేదు. అది పరాయివాళ్ళు చూడకూడనిది. ఇక నడు."

"అట్ట మీద 'తరతరాల జ్ఞానం' అని కూడా వేస్తున్నాం కదమ్మా!"

"వేసుకో. లోపలన్నీ తెల్లకాగితాలేగా!"

అతని బండి ఎర్రదుమ్ములో కలిసిపోయాక డోరీన్ తల్లి మీద విరుచుకుపడింది. "ఎలా మరిచిపోయావే అమ్మా?"

ఐవీ కుంచె తీసి ఆమె చేతిలో పెట్టింది.

"మరిచిపోతానా పిచ్చిదానా? నేను పోయాక అడ్డం నిలబడతావో లేదో చూసుకున్నా. ఇక ఆ చుక్కలు నువ్వే పెట్టు."