నీళ్లలోంచి తీసిన మనిషి

“అమ్మా, మీరేమీ కంగారు పడకండి” అంటూనే అవతలివాళ్లని కంగారు పెట్టేయడం ఢిల్లీరావు పద్ధతి. “మీ ఆయన బోటు మీంచి సముద్రంలో పడిపోయాడు. నీళ్లలోంచి తీసి ఆసుపత్రిలో చేర్పించాం. నేను వేరావల్ నుంచి, బోటు కంపెనీ మేనేజర్ని మాట్లాడుతున్నాను.”

వేరావల్ ఉన్నది గుజరాత్‌లో. ఢిల్లీరావు ఉన్నది టెక్కలి బస్ కాంప్లెక్స్ వెనక అద్దెగదిలో. పేరులో తప్ప ఢిల్లీ వైపు ఏనాడూ వెళ్లినవాడు కాదు. ఇక్కడి ఉద్దానం తీరంలో ఇంటికో మగాడు గుజరాత్ బోట్ల మీద ఉంటాడని మాత్రం బాగా ఎరుగును. ఆ ఊళ్లకి సెల్‌ఫోన్లు కొత్తగా చేరుతున్న రోజులు. చివరి అంకెలు మార్చుకుంటూ నొక్కుకుపోతే, తిట్టేవాళ్లు తిట్టగా ఎవరో ఒక ఇల్లాలు దొరక్కపోదు.

ఈ ఇల్లాలు తిట్టలేదు.

“నీల్లలోంచి తీసేరా?” అంది.

“తీశామమ్మా.”

“దొరికేడా?”

ఎవరో మట్టిబుర్ర తగిలిందనుకున్నాడు ఢిల్లీరావు. అయితే మరీ మంచిది. మనిషి దొరికాడనీ, కాకపోతే ఆపరేషన్ వెంటనే చెయ్యాలనీ, సాయంత్రంలోగా పదివేలు కట్టకపోతే డాక్టరు చెయ్యి వెయ్యనన్నాడనీ గుక్క తిప్పుకోకుండా చెప్పేశాడు. పలాస వెళ్లి, బ్యాంకులో తను చెప్పే నెంబరుకి కడితే చాలట.

ఆమె పేరు అసిరమ్మ అనీ, వాళ్లది భావనపాడు దగ్గరనీ అడిగి తెలుసుకున్నాడు. చేతిలో రొక్కం లేదంది. ఉన్నవల్లా చెవుల కమ్మలేనంది. మనిషి కంటే కమ్మలెక్కువా, తాకట్టు పెట్టెయ్యమన్నాడు. సరేనంది.

అక్కడితో పని అయిపోవాలి. కానీ అసిరమ్మ వదలదే. తడిబట్టలు మార్చారా అంది. చలేస్తోందేమో, దుప్పటి కప్పారా అంది. నీళ్లలోంచి తీసిన పుణ్యాత్ముడెవరంది. ఢిల్లీరావు ఒక ఎర్ర దుప్పటి కప్పాడు. తీసినవాడు కేరళవాడని చెప్పాడు. వేడివేడి గంజి కూడా తాగించాడు. ఆమె అడిగేకొద్దీ ఇతను చెప్పేకొద్దీ సెల్లులో బాలెన్సు తరిగిపోతోంది. దానికి తోడు కిటికీ అవతల కండక్టరొకడు “నందిగాం, పలాస, పలాస” అని గొంతు చించుకుంటున్నాడు. ఢిల్లీరావు గబుక్కున ఫోనుకి అరచెయ్యి అడ్డం పెట్టాడు. ఆ కేకేమిటని ఆమె అడగలేదు. గండం గడిచిందనుకున్నాడు.

“ఒక్కపాలి ఆయనికియ్యి బాబూ ఫోను.”

“మాట్లాడలేడమ్మా, నోట్లో గొట్టం వేశారు. కళ్లతో మాత్రం మీకోసమే వెతుకుతున్నాడు.”

ఆ మాట ముందుగా అనుకున్నది కాదు, నోటికి అలా వచ్చేసింది. తన తెలివికి తనే ముచ్చటపడబోయాడు. ఇంతలో అవతల ఏడుపు వినిపించింది. గట్టిగా ఏడవడం లేదు, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది. ఢిల్లీరావు మనసు చివుక్కుమంది. అయినా జాలిపడుతూ కూర్చుంటే తన పూట గడవదు కదా.

ఇంకొక్కటే మిగిలింది. ఆ మొగుడి పేరు. మామూలుగా అది అడగనక్కర్లేదు. కబురు చెవిన పడగానే ఇంట్లోవాళ్లే “అయ్యో, మా ఫలానావాడికేమయ్యింది” అని పేరు తెచ్చి చేతిలో పెడతారు. పేరంటూ చేతికొస్తే రేపు మందులకని, ఎల్లుండి రక్తానికని మళ్లీ ఫోను చెయ్యొచ్చు. ఇంతసేపు మాట్లాడీ ఈ మనిషి పేరు బయటపెట్టలేదు.

“ఆసుపత్రివాళ్లు సరిచూసుకోవాలట. మీ ఆయన పేరు మీ నోటితో ఒకసారి చెప్పండమ్మా.”

“మొగుడి పేరు సెప్పకూడదు కదా బాబూ.”

ఢిల్లీరావుకి కోపం రాలేదు. వాళ్లమ్మ కూడా వాళ్ల నాన్న పేరు ఒక్కసారైనా పలికి ఎరగదు. పక్కన ఇంకెవరైనా ఉంటే ఇమ్మన్నాడు. “అత్తా” అని పిలిచింది అసిరమ్మ.

ఫోను చేతులు మారింది. పెద్దావిడ గొంతు. ఢిల్లీరావు మళ్లీ మొదటికొచ్చాడు. “అమ్మా, మీరేమీ కంగారు పడకండి...”

“కంగారేటి బాబూ. ఇందాకట్నుంచీ ఇద్దరం ఒక్క ఫోనుకే సెవులెట్టి ఇంతన్నాం. నీ యెనకాల పలాస బస్సోడి కేక కూడా ఇన్నాం.”

ఢిల్లీరావు వేలు ఎర్ర మీట మీదికి వెళ్లింది.

“ఎట్టేయకు బాబూ” అంది పెద్దావిడ, గొంతు ఏమాత్రం పెంచకుండా. “మావోడి పేరు కొండబాబు. తొంబైతొమ్మిది తుపాన్లో తెప్పతో పోనాడు, శవమైనా దొరకలేదు. దొరికేడని మా కోడలికి ఇంకొక్కపాలి సెప్పు, నీ ఫోన్లో డబ్బులైపోతే మేమే సేత్తాం.”