ఈతచెట్టున ఒంటి గూడు

నూతి పక్క తుమ్మచెట్టు మీద గిజిగాళ్లంతా గూళ్లు అల్లేవారు. గూడు నచ్చితేనే ఆడపిట్ట కాపురానికి వస్తుంది. ఆ పెళ్లిచూపులన్నీ ఆ చెట్టు దగ్గరే. అక్కడ పెత్తనమంతా కాకిది. గిట్టనివాళ్ల గూటిని ముక్కుతో పీకి నూతిలో పడేసేది.

అలా మూడు గూళ్లు పోగొట్టుకున్న సన్నముక్కు అనే గిజిగాడు, తన బావ పసుపయ్య దగ్గరికి వచ్చాడు.

"కాలవగట్టున చిన్న ఈతచెట్టుంది. అడిగేవాడు లేడు. పోదాం రా బావా!"

"అక్కడ నీ గూడు చూడ్డానికి తొండలొస్తాయా?" అని పసుపయ్య నవ్వాడు. "ముందు నువ్వు పద. పదిమంది చేరాక నేనూ వస్తాలే."

అందరూ అదే మాట అన్నారు. సన్నముక్కు ఒక్కడే వెళ్లాడు.

వానల్లో కాకి పసుపయ్య గూటినీ పీకేసింది. అతను తడుస్తూ ఈతచెట్టుకు ఎగిరాడు. అక్కడ ఒకే గూడు వేలాడుతోంది. అంత చక్కని అల్లిక అతనెన్నడూ చూడలేదు. లోపల ఎవరూ లేరు.

"ఆడపిట్టలు ఇద్దరొచ్చారు," అంది మట్ట మీది ఉడత. "ఇరుగూపొరుగూ లేనిచోట పిల్లల్ని ఎలా పెంచుతామని వెళ్లిపోయారు. ఇంకొక్క గూడున్నా ఆగేవాళ్లు. నీ బావ నిన్ననే ఎటో పోయాడు, ఇక అల్లనంటూ."

పసుపయ్య ఒక పోచ తెచ్చి ఆ గూటి పక్కనే ముడివేశాడు. చూసి సంతోషించడానికి సన్నముక్కు లేడు.