బాతు కూసిన కూత

ఒక పెరట్లో కోళ్ళకి ఓ జట్టు ఉండేదండి. వెలక్కాయే బంతి, రెండు ఇటుకల మధ్యన గోలు. చెరువు ఎండిపోయి ఆ పెరట్లో చేరిన తెడ్డుగాడనే బాతుకి ఆ జట్టులో ఆడాలని మహా ఇది. పొద్దస్తమానం అదే ధ్యాస.

తీరా పక్క పెరటి గిన్నెకోళ్ళతో పోటీ రోజున జట్టు నాయకుడు డేగపుంజు అడ్డం తిరిగాడు. "మన తరఫున ఆడేవాడు ముందు మన కూత కూయాలి. ఏదీ, కూయి."

తెడ్డుగాడు మెడ సాచి, "క్వాక్కొరొకో" అన్నాడు.

పెట్టలు పడీ పడీ నవ్వాయి. "గొంతులో వడ్లగింజ అడ్డం పడిందేమిట్రా అబ్బాయ్?" అంది ఓ పెట్ట.

"గొంతు చెరువుది పిన్నీ. ఆట మాత్రం ఇక్కడే నేర్చుకున్నా."

"అయితే గట్టున కూర్చుని చూడు," అన్నాడు పుంజు.

ఆట సగంలో వానొచ్చి గోలు ముందు పెద్ద మడుగు కట్టింది. వెలక్కాయ వెళ్ళి అందులో పడి తేలుతోంది. కాళ్ళు తడుస్తాయని రెండు జట్ల కోళ్ళూ ఒడ్డునే ఆగిపోయాయి. పుంజు చిన్నగా దగ్గాడు.

"ఒరేయ్ తెడ్డూ, నీ కూత మరీ అంత బాలేకపోలేదులే. వెళ్ళు నాయనా."

తెడ్డుగాడు ఈదుకుంటూ వెళ్ళి ఒక్క తన్ను తన్నాడు. వెలక్కాయ ఇటుకల మధ్యనుంచి దూసుకుపోయింది.

మర్నాటి నుంచి కోడిపిల్లలన్నీ "క్వాక్కొరొకో" అనే కూయడం మొదలెట్టాయి. విని విని, ఓ తెల్లవారుజామున పుంజు నోటా అదే వచ్చేసింది. ఆయన కంగారుగా తూర్పు వేపు చూశాడు.

సూర్యుడు ఏమీ అడక్కుండా ఎప్పటిలాగే పైకొచ్చాడు.