తొమ్మిది నిమిషాల మంట

గ్యాస్ ధర ఎందుకు పెరిగిందో చెబుతూ పొయ్యిలోంచి వచ్చే మంత్రిగారి ప్రసంగం, గిన్నెకోసారి, పూర్తిగా వింటేగాని నూకరత్నం పొయ్యి వెలగదు. పొయ్యి మీంచి చూపు తిప్పితే మళ్లీ మొదటికొస్తుంది. ధరతోపాటు పెరిగి పెరిగి ప్రసంగం తొమ్మిది నిమిషాలైంది. జీడి ఫ్యాక్టరీకి పరుగెత్తే ఆమెకు అంత తీరికేదీ? కూతురు రోజూ చద్దన్నంతోనే బడికి పోతోంది.

ఎన్నికలొచ్చాయి. ఒక ఉదయం ఆ మంత్రే కెమెరాలతో ఇంట్లోకొచ్చి, "టీ ఇయ్యమ్మా, తాగెళ్తాను" అన్నాడు.

ఆమె పొయ్యి ముందు పీట వేసింది. "కూకోండి బాబూ. ఏడేళ్లుగా నానే ఇంటన్నాను. ఇయ్యేల తమరు ఇనండి."

కెమెరాలున్నాయని లేవలేక మంత్రి కూర్చున్నాడు. రెండుసార్లు వాచీ చూసుకున్నాడు. రెండుసార్లూ పొయ్యి "ప్రియమైన ప్రజలారా" అని మళ్లీ మొదలెట్టింది. మూడోసారికి మంట వెలిగింది.

నూకరత్నం దానిమీద కూతురి అన్నానికి ఎసరు పెట్టింది.

"టీకి మళ్లీ ఇనాల బాబూ."