గట్టు ముందు చెప్పులు

“వంటింట్లో చెప్పులేంటి మావయ్యా! ఎన్నిసార్లు తీసి అవతల పారేయాలి?”

కోడలు ఆ జతను రెండు వేళ్లతో పట్టుకుని గుమ్మం బయటికి విసిరింది. పోయిన అత్తగారి చెప్పులవి. మెత్తటి రబ్బరువి. కుడిదానిలో బొటనవేలి మొదలు ఆనేచోట గుండ్రంగా కోసి గుంట చేసి ఉంది.

హాల్లో కుర్చీలో ఉన్న మావగారు చప్పుడు వైపు తల తిప్పారు. చూపు పోయాక ఆయనకు ఇల్లంతా చెవులతోనే కనిపిస్తుంది.

“పొయ్యిగట్టు ముందే ఉండనీ అమ్మా. నా చాదస్తం అనుకో.”

“చాదస్తమే! పొయ్యి దగ్గర చెప్పులు పెట్టుకునే ఇల్లు ఎక్కడైనా ఉందా?”

“మీ అత్తయ్యా ఇదే మాట అనేది. చివరికేమైంది? నే చెప్పేది కాస్త విను. ఈమధ్య మళ్లీ అదే నడక వినిపిస్తోంది. ఒక అడుగు నిండుగా, ఒక అడుగు సగం...”

“పొద్దున్నే ఆ మాటలొద్దు మావయ్యా!” ఆమె పాలగిన్నె అందుకుంది. “పగలంతా ఇంట్లో ఉండేది మనిద్దరమే. నన్ను భయపెట్టి చంపకండి.”



ఆమె మునివేళ్ల మీద లేచి వెనక పొయ్యి మీద పాలు పెట్టింది. ఆరడుగుల మావగారు దగ్గరుండి తన నడుము ఎత్తుకు కట్టించిన గట్టు అది. ఆయన జన్మలో గరిటె పట్టిన పాపాన పోలేదు, అది వేరే సంగతి.

నేల తుడుస్తుండగా బెల్ మోగింది. పాల మంట తగ్గించి, వీధి గుమ్మంలోకి వెళ్లి ఇస్త్రీ బట్టలు తీసుకుని వచ్చింది. వంటింటి గడపలోనే కొయ్యబారిపోయింది.

తడి ఆరని నేల మీద అడుగులు. గట్టుదాకా వెళ్లి, వెనక్కి వచ్చాయి. ఎడమ పాదం పూర్తిగా పడింది. కుడి పాదంలో బొటనవేలి కింద అచ్చు పడాల్సిన చోట ఖాళీ.

అత్తగారు అలాగే, ఆ చోటు నేలకు తగలకుండా, పాదం అంచు మీద నడిచేవారు.

“విన్నావా అమ్మా, ఇందాక?” హాల్లోంచి మావగారి గొంతు మెల్లగా వచ్చింది. “అదే అడుగు.”

ఆమె బట్టలు అక్కడే పడేసి, పెరట్లోకి పరుగెత్తి భర్తకు ఫోన్ చేసింది.

“మావయ్యను మీ అక్కయ్య ఇంటికి పంపేయండి. లేదంటే నేనే పోతాను. ఆయన ఇలా తలుచుకోబట్టే ఆవిడ తిరుగుతున్నారు!”

“సరేలే, భోజనానికి వస్తాగా. నాన్నతో నేను చెప్తాను.”

భోజనాల బల్ల దగ్గర భర్త గొంతు సవరించుకున్నాడు. “నాన్నా, కొన్నాళ్లు నువ్వు అక్క దగ్గర...”

“వెళ్తాలేరా. ముందు ఆ గట్టు పగలగొట్టించి పొట్టిగా కట్టించు. మేస్త్రీకి కబురు పెట్టేశాను. రేపొస్తాడు.”

“గట్టేం పాపం చేసింది?”

“బొటనవేలి మొదట్లో, అడుగున, శనగగింజలంత ఎముకలు రెండుంటాయట. గచ్చు మీద ఉత్తికాళ్లతో అస్తమానం మునివేళ్ల మీద లేస్తుంటే బరువంతా వాటి మీదే. మెత్తటి చెప్పులు వేసుకో, మంచుగడ్డ పెట్టు, మునివేళ్ల మీద లేవకు అని డాక్టరు చిలక్కి చెప్పినట్టు చెప్పాడు. వంటింట్లో చెప్పులేంటని మీ అమ్మ వినలేదు. ఎముక చిట్లాక ఇక ఏ చెప్పులూ అక్కరకు రాలేదు.”

“పోయిన అమ్మ కోసం ఇప్పుడు గట్టు పగలగొట్టడమేంటి నాన్నా? ఇందుకే కదా ఇది భయపడి చస్తోంది!”

కోడలు వడ్డించడం ఆపింది. బల్ల అంచు పట్టుకుని, కాలు మార్చి నిలబడింది.

మావగారి ముఖం ఆ చిన్న చప్పుడు వైపు తిరిగింది.

“ఆ అడుగులు మీ అమ్మవి కావురా, కోడలివి.”