తడి రోడ్డు మీద మీసం

“ఓడినోడు రేపు పొద్దున మీసం తీసేసి కాలేజీకి రావాల. సరేనా?” అన్నాడు ప్రతాప్.

“సరే” అనేశాడు నవీన్. పైపెదవి మీద ఆ నాలుగు వెంట్రుకలు నిలబెట్టుకోవడానికి వాడికి మూడేళ్లు పట్టింది. అవి లేకపోతే అచ్చం చెల్లెలు రేవతిలాగే ఉంటాడని వీధంతా అనేది.

చిత్తూరు బస్టాండు ఎదురుగా యోగానంద పెట్టిన గేమ్స్ సెంటర్ అది. పక్కపక్కనే రెండు కంప్యూటర్లు, రెండు స్టీరింగులు. పది రౌండ్ల కారు రేసు. ఎండలో నవీన్‌ని పట్టుకునే మొనగాడు ఆ సెంటర్లో లేడు. కానీ ఈ ఆటలో ఎండా వానా చెప్పి రావు. వాన పడిందంటే నవీన్ కారు బొంగరమైపోతుంది. ఆ సంగతి తెలుసు కాబట్టే ప్రతాప్ మీసం దాకా వచ్చాడు.

మూడో రౌండులో తెర మీద చినుకులు మొదలయ్యాయి. నవీన్ కారు మలుపులో జర్రున జారి గడ్డిలోకి పోయింది. ప్రతాప్ కారు తుర్రుమంది.

“మొదటి సినుకే మోసం అబ్బోడా” అన్నారెవరో వెనక నుంచి. “దుమ్మూ ఆయిలూ పైకి తేలి జారతా ఉంటాది. గట్టివాన పడితే కడుక్కొని పోతాది. అంతవరకు నిదానంగా పో.”

నవీన్ తల తిప్పి చూశాడు. పలమనేరు బస్సు కోసం వచ్చి, బయట వాన పట్టుకుంటే లోపలికి దూరిన పెద్దాయన. పేరు మునిరామయ్య. పాత ఖాకీ ప్యాంటు, చంకలో సంచి. నవీన్ కుర్చీ వీపు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

“ఈ ఆట మీకు తెలుసునా పెద్దాయనా?”

“ఆట తెలీదు. మొగిలి ఘాట్ తెలుసు. ఇరవై ఆరేండ్లు ఆర్టీసీ బస్సులో ఆ దావలోనే తిరిగినా. ముందు సూడు, మలుపొస్తా ఉండాది.”

నవీన్‌కి ప్రాణం లేచి వచ్చింది. మొగిలి ఘాట్ మలుపుల్లో బస్సు తిప్పినవాడికి ఈ బొమ్మ కారు ఒక లెక్కా?

“మలుపులో బ్రేకు వద్దు. ముందే తొక్కు, స్టీరింగు తిన్నంగా ఉన్నప్పుడే. నల్లంగా నున్నంగా ఉండే సోట పోవాకు. అందరూ పోయి పోయి అరగదీసినారు దాన్ని. అంచుకు రా, ఆడ గరుకుంటాది.”

నవీన్ ఆటలోనే టైర్లు మార్చే షెడ్డులోకి పోయి వాన టైర్లు వేయించుకుని అంచుకు వచ్చాడు. కారు రోడ్డును కరుచుకుంది. మలుపు వచ్చినప్పుడల్లా మునిరామయ్య కూడా కాళ్లు నేలకు తన్నిపెట్టి, కుర్చీ వదలకుండా, అటూ ఇటూ ఒరుగుతున్నాడు.

యోగానంద కౌంటరు వదిలేసి వచ్చాడు. “ఒళ్లు దగ్గర పెట్టుకో ప్రతాపూ. నవీన్‌కు గురువు దొరికినాడు.”

“వెనకాల నిలబడి ఎవురైనా సెప్తారు. తోలేది కష్టం” అన్నాడు ప్రతాప్.

ఎనిమిదో రౌండుకు వాన ఆగింది. రోడ్డు ఇంకా తడిగానే కనిపిస్తోంది.

“ముందు పోయే బండి చక్రం సూడు” అన్నాడు మునిరామయ్య. “నీళ్లు సిమ్మేది ఆగిపోయింది. రోడ్డు ఆరతా ఉండాది. ఎండ టైర్లు ఏసుకో.”

“ఇప్పుడా? షెడ్డులోకి పోతే వెనకబడిపోతాను. మీసం పోతుంది పెద్దాయనా.”

“నా మాట ఇను. ఆరిన రోడ్డు మీద వాన టైరు నిలబడదు.”

నవీన్ దేవుడి మీద భారం వేసి షెడ్డులోకి తిప్పాడు. బయటికొచ్చేసరికి ప్రతాప్ కనుచూపు మేరలో లేడు. ఏడుపొక్కటే తక్కువ. తొమ్మిదో రౌండులో చుక్కంత కనిపించాడు. పదో రౌండులో ఆరిన రోడ్డు మీద వాన టైర్లు అరిగిపోయి ప్రతాప్ కారు తాగినవాడిలా తూలుతుంటే, మునిరామయ్య కుర్చీ వీపు మీద టకటకా రెండుసార్లు కొట్టాడు. నవీన్ పక్క నుంచి దూసుకుపోయాడు. గీత దగ్గర ఇద్దరికీ తేడా మూరెడు.

ప్రతాప్ మీసం తడుముకుంటూ లేచాడు.

నవీన్ ఆనందం పట్టలేక తన బైకు తాళాలు తెచ్చి పెద్దాయన చేతిలో పెట్టాడు. “మీకు బస్సెందుకు? పలమనేరు దాకా నా బండి మీరు తోలండి, నేను వెనక కూర్చుంటా. మొగిలి ఘాట్లో మీ తోలకం కళ్లారా చూడాల.”

మునిరామయ్య గబుక్కున తాళాలు టేబులు మీద పెట్టేశాడు.

“నాకు సైకిలు తొక్కేది గూడా రాదు నాయనా. నేను కండక్టర్ని. ఇరవై ఆరేండ్లు వెనకాల నిలబడి ఇవన్నీ సెప్తానే ఉంటి. నా మాట విన్న డ్రైవరువి నువ్వొక్కడివే.”