గుర్రపుడెక్క గుర్నాథం బాల్యం

ముందు సినిమా వాళ్లు, వెనక వారసులు, రెండు పక్కలా నీళ్లు. తన చేపల చెరువు గట్టు మీద తనే కదల్లేక నిలబడ్డాడు జగన్నాథం. గుళ్లో జగన్నాథుడికి కనీసం రథం కదులుతుంది. ఈ జగన్నాథానికి కాలు కూడా కదలడం లేదు. రేపు చేపల పట్టుబడి. ఇవాళే తను పట్టుబడిపోయాడు.

"ఏవండీ! శీలావతి చేపలు తేలుతున్నాయండీ!" భార్య రత్నాంబ అరిచింది.

తేలవా మరి? ఆకాశం మబ్బు పట్టింది. నీళ్లను చిలికి చేపలకు ఊపిరాడించే ఏరేటర్ల కరెంటు పీకి, సినిమా వాళ్లు లైట్లకు పెట్టుకున్నారు. చేపలన్నీ పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. మధ్యాహ్నంలోగా గట్టు ఖాళీ కాకపోతే ఏడాది కష్టం వెల్లకిలా తేలుతుంది.

సినిమా ఎవరి మీదంటే, గజదొంగ గుర్రపుడెక్క గుర్నాథం మీద. తెల్లదొరల కాలంలో కొల్లేటి లంకలను గడగడలాడించాడట. గుర్రపుడెక్క మొక్కల్లో దాక్కునేవాడు కనక ఆ పేరట. దొరలు అతన్ని సరిగ్గా ఈ గట్టున్న చోటే కాల్చేశారట. అమావాస్య రాత్రి ఇటు వచ్చినవాడు తిరిగి ఇంటికి వెళ్లడట. అందుకే చీకటి పడితే ఈ చాయలకు పిట్ట కూడా రాదు. కానీ సినిమా అనేసరికి దెయ్యం పక్కకు జరిగింది, ఏలూరు జనం మొత్తం గట్టెక్కింది.

దర్శకుడు రోహిత్ తీస్తున్నది గజదొంగ బాల్యం. "దొంగ ఎలా దొరికాడో కాదు సార్, దొంగ ఎలా తయారయ్యాడో చూపిస్తా" అంటాడు. ఇవాళ్టి సీను: పన్నెండేళ్ల గుర్నాథం ఆకలితో ఉన్న తల్లి కోసం బాతును దొంగిలిస్తాడు.

ఆ సంగతి తెలిసి తాడేపల్లిగూడెం నుంచి గంగాధరరావు దిగాడు. గుర్నాథానికి మునిమనవడినంటాడు. వెంట మూడు కార్ల వారసులు. సినిమా మొదలైనప్పటి నుంచీ వారం వారం పెరుగుతున్నారు కాబట్టే వారసులన్నారేమో.

"మా ముత్తాత బాతుల దొంగాండీ?" గంగాధరరావు గొంతు చించుకున్నాడు. "దోస్తే ఖజానా దోచిన వంశమండీ మాది! ఆ సీను తీసేదాకా గట్టు దిగేది లేదు!"

"సీను తీసేదాకా నేనూ దిగను" అన్నాడు రోహిత్. ఒకాయన తీసేయమంటాడు, ఒకాయన తీస్తానంటాడు.

చివరికి ఇద్దరూ జగన్నాథం వైపు తిరిగారు. గుర్నాథం గురించి ఈ చుట్టుపక్కల చెప్పగలిగింది ఆయన ఒక్కడే.

"మీరే చెప్పండి బాబాయ్ గారూ. బాతును ఎత్తుకెళ్లాడా, లేదా?" గంగాధరరావు నిలదీశాడు.

అవునంటే వారసులు నీళ్లలో తోస్తారు. కాదంటే సినిమా వాళ్లు కదలరు. జగన్నాథం చెరువు వైపు చూశాడు. ఒక బొచ్చె చేప ఆయన్నే చూస్తూ నోరు తెరిచింది. ఆయనా తెరిచాడు.

"ఎత్తుకెళ్లలేదండి. బాతే వెంటపడి వచ్చేసింది."



"ఆయ్! అదండీ మా వంశం!" గంగాధరరావు తొడ కొట్టాడు.

"ఇంటర్వెల్ సీన్ సార్ ఇది!" రోహిత్ ఎగిరి గంతేశాడు.

ఊపు మీదున్న జగన్నాథం ఇంకో మాట వేశాడు. "అయితే అది ఇక్కడ కాదండి. ఆయన బాల్యమంతా మెట్టలోనే. కామవరపుకోట అవతల, తాటితోపు పక్కన. అక్కడ తీస్తేనే నిజంగా ఉంటుంది."

"ప్యాకప్!"

లైట్లు దిగాయి. ఏరేటర్లు గిర్రున తిరిగాయి. చేపలు ఒక్కొక్కటే లోపలికి జారుకున్నాయి. రత్నాంబ కొంగుతో మొహం తుడుచుకుంది. జగన్నాథం గుండెల నిండా గాలి పీల్చుకోబోయాడు.

సగం పీల్చాడో లేదో, గంగాధరరావు వచ్చి కాళ్లకు దణ్ణం పెట్టాడు.

"బాల్యం ఎక్కడైతేనేమండీ, ప్రాణం పోయింది ఈ గట్టు మీదే కదా! రేపే ఇక్కడ విగ్రహానికి శంకుస్థాపన. ఇకనుంచి ప్రతి అమావాస్యకీ రాత్రంతా జాగారం, భజన, అన్నదానం. జిల్లా జిల్లా అంతా ఇక్కడే ఉంటుందండి!"

జనం జై కొట్టారు. ఎవరో జగన్నాథాన్ని భుజాలకెత్తుకున్నారు. దిగుదామంటే దించేవాడు లేడు.

"ఏవండీ, ఇంకేదైనా చెప్పి పంపించెయ్యండి" కింద నుంచి రత్నాంబ బతిమాలింది.

ఏం చెబుతాడు? రాత్రిళ్లు దొంగవల వేసేవాళ్లు ఈ గట్టు ఎక్కకుండా ఉండాలని, పన్నెండేళ్ల కిందట ఒక సాయంత్రం టీ తాగుతూ, నీళ్ల మీద తేలుతున్న గుర్రపుడెక్కను చూసి గుర్నాథమనే గజదొంగను కల్పించింది జగన్నాథమే.